నోరు మూసుకుని కూర్చున్న శుక్రవారాలు

మా చర్చికి వచ్చే పిల్లలు "ఆంటీ, ఖతార్‌లో మీరు ఏం చేసేవారు?" అని అడుగుతుంటారు. కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో చేశానంటే ఏ మార్పూ లేకుండా తలూపుతారు. "ఆఖర్లో వీడియో గేములు తయారుచేసే కంపెనీలో చేశాను" అంటాను. అప్పుడు చూడాలి వాళ్ల మొహాలు! నా తెల్లజుట్టు వంకా, చేతికర్ర వంకా చూసి, పెద్దావిడకి పాపం మతి తప్పిందనుకుంటారు. తప్పలేదు బాబూ, నిజమే చెబుతున్నాను. ఆ కంపెనీలో ఒక ఆట మునిగిపోబోయి ఎలా తేలిందో చెబుతాను వినండి. రేపు మీరూ ఉద్యోగాల్లో చేరతారు, మీ పని నలుగురికి చూపించి "ఎలా ఉంది?" అని అడుగుతారు. వాళ్లు "చాలా బాగుంది సార్" అనగానే పొంగిపోకుండా ఉండటానికి పనికొస్తుంది.

నేను దోహాలో ఏళ్ల తరబడి వీసాలు, క్యాంపు గదులు, బస్సులు చూసుకున్న మనిషిని. ప్రాజెక్టు అయిపోయి, ఇక గోదావరి గాలి పీల్చుకుందామని పెట్టెలు సర్దుకుంటుంటే, ఎవరో బ్రిటిష్ ఆయనకి ఆఫీసు పనులన్నీ తెలిసిన మనిషి కావాలని తెలిసింది. ముత్యాల వేట మీద ఆట తయారుచేద్దామని ఇంగ్లండులోని తన చిన్న స్టూడియోని మూటగట్టుకుని అక్కడికి వచ్చాడట. ఏ కాగితానికి ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. వీడియో గేమంటే ఏమిటో నాకు తెలియదు. ఆయనకి తెలుసు. సరిపోయింది, చేరిపోయాను.

స్టూడియో అంటే అద్దాల మేడ అనుకునేరు. దోహాలోనే అల్ దోహా అల్ జదీదా అనే పాత పేటలో ఒక దర్జీ షాపు మీద మూడు గదుల ఫ్లాటు. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన మేము. ఆ బాసుగారు తలుపు దగ్గర వంగి లోపలికి రావాల్సినంత పొడుగు. నేను మనసులో పొడుగాయన అనే పిలుచుకునేదాన్ని, ఇప్పుడూ అలాగే పిలుస్తాను. ఆయన కాక బొమ్మలు వేసే అమ్మాయి ఒకర్తె, కోడు రాసే ఆయన ఒకడు. ఈ కోడాయన ఎప్పుడూ ఎవరో చెంప మీద కొట్టినట్టు మొహం పెట్టుకుని ఉండేవాడు గానీ మనసు వెన్న. ముగ్గురూ ఇంగ్లండు వాళ్లే. సముద్రం అడుగున నాచు ఎటు ఊగాలన్న దాని మీద ఈ ముగ్గురూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పోట్లాడుకోవడం నా కళ్లతో చూశాను. "దీనికి జీతాలా ప్రభువా" అనుకున్నాను మొదట్లో. తర్వాత తర్వాత నేనూ "ఎడమకే ఊగాలి" అని వాదించే స్థితికి వచ్చాను.

ఆట సంగతి రెండు మాటల్లో చెబుతాను. వెనకటి రోజుల్లో అక్కడివాళ్లు పడవల మీద వెళ్లి ముత్యాల చిప్పల కోసం మునిగేవారు. మునిగేవాడి నడుముకి తాడు. పడవ మీద ఒకడు ఆ తాడు పట్టుకుని ఉంటాడు. కిందవాడు ఊపిరి అయిపోవస్తుంటే తాడు గుంజుతాడు, పైవాడు లాగేస్తాడు. మన ఆటలో ఆడేవాడే మునిగేవాడన్న మాట. రాళ్ల మధ్య నుంచి వెళ్లి, విరిగిన లంగరు కింద నుంచి దూరి, చిప్పలు ఏరి బుట్ట నింపుకుని, ఊపిరి ఉండగానే తాడు గుంజాలి. పైన లాగేది కంప్యూటరు. 

ఈ స్టూడియోలో ఒక నియమం ఉండేది. ప్రతి శుక్రవారం, అంటే అక్కడి సెలవు రోజున, ఈ ఆట మొహం ఎరగనివాళ్లని తెచ్చి ఆడించి చూడాలి. ఒకసారి ఆడినవాడు మళ్లీ పనికిరాడు, దారి తెలిసిపోయింది కాబట్టి. వాళ్లు ఆడుతున్నంతసేపూ స్టూడియో వాళ్లు వెనక కూర్చుని చూస్తారు. నోరు మాత్రం మెదపకూడదు. ఎడమకి వెళ్లవలసినవాడు కుడికి వెళ్లి రాయికి గుద్దుకుంటున్నా సరే, చెప్పకూడదు. "రేపు ఆట కొన్నవాడి వెనక మనం నిలబడి దారి చెబుతామా?" అనేవాడు పొడుగాయన. పాపం బొమ్మలమ్మాయి అయితే ఆగలేక నోట్లో సమోసా కుక్కుకుని కూర్చునేది. తెలుగుదాన్ని, నాకు మాత్రం అది నరకమే. పక్కవాడు చొక్కా బొత్తాం తప్పు పెట్టుకుంటేనే చెప్పకుండా ఉండలేని జాతి మనది.

మొదట మా చర్చి వాళ్లని పిలిచాను. వాళ్లు చక్కగా తల దువ్వుకుని వచ్చి, వరసగా మునిగి చచ్చి, "వెరీ నైస్ సార్, వెరీ నైస్" అని కాఫీ తాగి వెళ్లిపోయారు. ఇలా కాదని నా పాత కంపెనీలో తెలిసిన మేస్త్రిని అడిగాను. నిజామాబాద్ వైపు మనిషి. కడ్డీలు కట్టే గ్యాంగుకి పెద్ద. ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లో వాళ్ల క్యాంపు. నలుగురిని వెంటబెట్టుకుని కంపెనీ బస్సులో వచ్చాడు. తనూ ఆడాడు. ఐదుగురూ కుడితిలో పడ్డ ఎలకల్లా కొట్టుకుని, ఒక్కరూ బుట్ట నింపకుండా తేలారు. వెనక పొడుగాయన చేతిలో కాగితం, పెదవులు బిగించి, ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు. నేను అందరికీ బిర్యానీ పెట్టించి పంపాను.

మరుసటి శుక్రవారం మేస్త్రి వేరే నలుగురిని తెచ్చాడు. అందరూ కొత్తవాళ్లే, ఆట మొహం చూడనివాళ్లే. ఇద్దరు బుట్ట నింపారు. ఆ తర్వాతి వారం వచ్చిన నలుగురూ నింపారు! పొడుగాయన కుర్చీలోంచి లేచి కోడాయన్ని కావలించుకున్నాడు. "చూశావా, మనం రాళ్ల రంగు మార్చడం పనిచేసింది!" కోడాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వితే ఎలా ఉంటాడో నాకు అప్పుడే తెలిసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మరీ సులువైపోయింది, ఇలాగైతే జనానికి విసుగేస్తుందన్నాడు పొడుగాయన. నీళ్లు కాస్త మసక చేశారు. ఆ తర్వాతి వారం వచ్చినవాళ్లు దాన్నీ ఊది పారేశారు. ప్రవాహం జోరు పెంచారు. అదీ దాటేశారు. ఊపిరి తగ్గించారు. సముద్రం అడుగు అర్ధరాత్రి కరెంటు పోయిన వంటింటిలా చేశారు. మన నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు మాత్రం ఒకడి తర్వాత ఒకడు వచ్చి కూర్చోవడం, సర్రున మునగడం, బుట్ట నింపుకుని తాడు గుంజడం. "మీవాళ్లలో ఏదో ఉంది" అని పొడుగాయన నాకు చేయి కలిపాడు. నేనూ గర్వంగా తలెత్తుకున్నాను. ఎందుకెత్తుకున్నానో మరి!

అప్పుడే లండన్ నుంచి కబురు వచ్చింది. ఆటని అమ్మిపెట్టే పెద్ద కంపెనీ ఆవిడ ఇంకో రెండు వారాల్లో, శుక్రవారం నాడు, స్వయంగా వచ్చి చూస్తుందట. ఆవిడ సరే అంటే ఆట బయటికొస్తుంది. కాదంటే స్టూడియో మూత, ముగ్గురూ ఇంగ్లండుకి, నేను రాజమండ్రికి. నాదేముంది, ఎటూ వెళ్లేదాన్నే. కానీ ఆ పొడుగాయన ఆ ఆటని కన్నబిడ్డలా పెంచాడు. 

ఆవిడ రావడానికి ముందు శుక్రవారం, బస్సు పాడైందని మేస్త్రి ఫోన్ చేశాడు. అక్కడ శుక్రవారమే జరిగే చర్చి ఆరాధన అయ్యాక నేనే వ్యాన్ మాట్లాడుకుని క్యాంపుకి వెళ్లాను. గేటు దాటి లోపలికి వెళ్లేసరికి ముందు జాగాలో ఒకటే గోల. వాటర్ డ్రమ్ములు అక్కడక్కడా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఇనప తోపుడు బండి బోర్లా పడేసి ఉంది. ఒకతను కళ్లకి తువ్వాలు కట్టుకుని, బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టి, నడుముకి తాడుతో, చేతులు చాపుకుంటూ డ్రమ్ముల మధ్య నడుస్తున్నాడు. తాడు రెండో కొస మా మేస్త్రి చేతిలో! చుట్టూ క్యాంపు క్యాంపంతా.

"ఎడమకు రా! ఇంక! ఆఁ, గా రాయి పట్టుకో, లేకుంటె నీళ్లు గుంజుకపోతయ్! వంగు, వంగు, లంగర్ కిందికెల్లి దూరు!" అని అరుస్తున్నాడు మేస్త్రి. అతగాడు బోర్లించిన బండి కింద దూరబోయి తల కొట్టుకున్నాడు. జనం ఘొల్లుమన్నారు.

నేను అలాగే గుడ్లప్పగించి నిలబడిపోయాను. మేస్త్రి నన్ను చూసి, "అగో, మేడం వచ్చింది! సూడుండ్రి మేడం, గీ వారం పోరగాళ్లు మస్తు తయారైన్రు. నీళ్లు నల్లగ జేసిన్రంట గదా, అందుకె కండ్లకు గుడ్డ గట్టినం" అన్నాడు సంబరంగా.

"ఏమిటయ్యా ఇది? ఎవరు చేయమన్నారు మిమ్మల్ని?"

"ఎవలు జెప్పాలె మేడం? పోయినోడు వచ్చి లోపట ఏమేం ఉన్నదో జెప్తడు. మల్లా వారం పోయెటోనికి వెయ్యేండ్లకు గూడ మర్వకుంట నేర్పిస్తం. మనోళ్లు ఫెయిల్ గావద్దు గద."

"ఫెయిలేంటి? ఇది ఆటని చెప్పానా లేదా? సరదాగా ఆడమన్నానా లేదా?"

మేస్త్రి నవ్వాడు. నా అమాయకత్వం మీద జాలి కనిపించింది ఆ నవ్వులో. "మీరు మంచోళ్లు మేడం, మీకు తెల్వది. ఏసీ రూముల కూసోవెట్టి, ఎన్కకెల్లి తెల్లసారు కాయితం పట్కొని కూసుంటడు. ఒక్క మాట మాట్లాడడు. మనం తప్పు జేస్తె మూతి గట్టిగ పెట్టి రాస్కుంటడు. అయినంక బిర్యానీ పెట్టి పంపుతడు. ఊకెనే ఆడుకోమని ఎవడన్న గింత జేస్తడా? గది ట్రేడ్ టెస్టు గాకుంటె ఇంకేంది?"

 ఆలోచించండి. గల్ఫ్‌కి వచ్చిన ప్రతి పనివాడూ ట్రేడ్ టెస్ట్ ఇచ్చి వచ్చినవాడే. నువ్వు కడ్డీ వంచుతుంటే, గోడ కడుతుంటే, వెనక ఒకాయన కాగితం పట్టుకుని నిలబడతాడు. నోరు విప్పడు. నీ బతుకు ఆ కాగితంలో ఉంటుంది. ముందు ఇచ్చి వచ్చినవాడు తర్వాతివాడికి చెప్పి పంపడం అక్కడి ధర్మం. మా స్టూడియో వాళ్లు ఎంతో పవిత్రంగా పాటించే ఆ మౌనమే వీళ్ల కంటికి పరీక్షలా కనిపించింది. ఏసీలో కూర్చుని నీళ్ల కింద మిషన్లు నడిపే ఏదో కొత్త పనికి మనుషుల్ని ఏరుకుంటున్నారని క్యాంపంతా ఖాయం చేసుకుంది.

ముందు పడీ పడీ నవ్వాను. కళ్లలో నీళ్లు తుడుచుకుంటుంటే అప్పుడు తట్టింది అసలు సంగతి. వీళ్లు నేర్చుకుని ఆడుతుంటే, పొడుగాయన అది చూసి ఆటని కఠినం చేసుకుంటూ పోయాడు. ఇప్పుడు ఆ ఆట దారి తెలియని మానవమాత్రుడెవడూ ఆడలేడు. వచ్చే శుక్రవారం లండనావిడ దారి తెలియకుండానే కూర్చుంటుంది.

అదే రోజు పొడుగాయనకి చెప్పేశాను. తువ్వాలు, తోపుడు బండితో సహా. ఆయన తల గోడకి ఆనించుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ వారమంతా ముగ్గురూ ఆటని వెనక్కి తిప్పే పనిలో పడ్డారు. కానీ ఎంత వెనక్కి? మొదటి వారం ఆటలో అందరూ మునిగి చచ్చారు. ఇప్పటిదాంట్లోనూ మునుగుతారు. చర్చి వాళ్లు అప్పుడే ఆడేశారు, క్యాంపంతా దారి నేర్చేసుకుంది, మధ్యలో ఎక్కడ ఆపాలో చెప్పగల కొత్త మనిషి ఒక్కడూ మాకు మిగల్లేదు. కోడాయన "ఏదో ఒకటి పెట్టేద్దాం, దేవుడున్నాడు" అన్నాడు. దేవుణ్ణి నమ్మని మనిషి ఆ మాట అనేసరికి నాకు భయం వేసింది.

శుక్రవారం వచ్చింది. లండనావిడ సన్నగా, చురుగ్గా, కబుర్లు లేని మనిషి. ఆడేవాళ్లని కూడా చూస్తానని ముందే కబురు పెట్టింది కాబట్టి మేస్త్రీ, మరో ముగ్గురూ వచ్చారు. ఉద్యోగాలేవీ లేవని వాళ్లకి విడమరిచి చెప్పాను. "ఉద్యోగం లేకుంటె మానె మేడం. ఇన్ని దినాలు నేర్పినం గద, గా అమ్మ గెలుస్తదో లేదో సూడాలె" అని ఇస్త్రీ చొక్కాలతో వచ్చి గోడవారగా నిలబడ్డారు. మాట్లాడకూడదని పొడుగాయన వాళ్లకీ వేలు పెదవి మీద పెట్టి చూపించాడు.

ఆవిడ కూర్చుంది. మునిగింది. రాయికి కొట్టుకుంది. చచ్చింది. మళ్లీ మునిగింది. ప్రవాహం లాక్కుపోయింది. మళ్లీ. మళ్లీ. గదిలో కింద దర్జీ మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. బొమ్మలమ్మాయి సమోసా నమలడం కూడా మర్చిపోయింది. పొడుగాయన ఎర్రగా అయ్యాడు, తెల్లగా అయ్యాడు, ఆ తర్వాత ఏ రంగూ లేదు. ఆవిడ చేతిలోని కంట్రోలర్ కింద పెట్టేసి వాచీ చూసుకుంది. నేను లోపల "ప్రభువా, ప్రభువా" అంటున్నాను.

"ఇంకొక్కసారి" అని ఆవిడ మర్యాదకి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి సరిగ్గా ఎర్ర రాయి దాకా వచ్చి, కుడికి తిరగబోయింది. అంతే.

"లెఫ్ట్! మేడం, లెఫ్ట్ జావ్!" మేస్త్రి కేక గది దద్దరిల్లింది. "పత్తర్ పకడో! పత్తర్! ఛోడో మత్!"

పొడుగాయన గిరుక్కున తిరిగాడు. మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. కానీ ఆవిడ చేయి అప్పటికే ఎడమకి తిరిగింది, అక్కడ తగిలిన రాయిని పట్టుకుంది. "తర్వాత?" అంది, తల తిప్పకుండానే.

ఇంకేముంది! కట్ట తెగినట్టు నలుగురూ మొదలుపెట్టారు. "నీచే, నీచే!" "యల్లా మేడం, జల్దీ!" "లంగర్ కిందికెల్లి! వంగాలె అని జెప్పు మేడం, వంగాలె అని జెప్పు!" నేను ఇంగ్లీషులోకి మారుస్తూ అరుస్తున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. బొమ్మలమ్మాయి కుర్చీ ఎక్కింది. ఆఖరికి, నియమం పెట్టిన పొడుగాయనే, "తాడు! తాడు గుంజండి!" అని అందరికంటే గట్టిగా అరిచాడు. బుట్ట నిండింది. ఆవిడ పైకి తేలింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆ కబుర్లు లేని మనిషి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నవ్వు ఆగాక అడిగింది. "మీ ఆట ఒంటరిగా ఆడితే నాకు నచ్చలేదు. వీళ్లు నాతో ఉంటే మాత్రం లేవబుద్ధి కాలేదు. ఆ పడవ మీద తాడు పట్టుకున్నవాడెవరు?"

"కంప్యూటరు" అన్నాడు కోడాయన. అని, ఒక్క క్షణం ఆగి, మేస్త్రి వైపు చూశాడు. "అక్కడ మనిషిని పెట్టాలి" అన్నాడు మెల్లగా.

ఆవిడ అవునని అనలేదు, కాదనీ అనలేదు. మార్చి చూపించండి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ ఫ్లాట్‌లో పని చూడాలి! ఆట ఇద్దరిదైంది. మునిగేవాడికి రాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పైనున్నవాడికి ప్రవాహం, దారి, కిందవాడి ఊపిరి కనిపిస్తాయి. ఒకరికొకరు చెప్పుకోవాలి. తాడు పైవాడి చేతిలోనే, ఎప్పుడంటే అప్పుడు లాగొచ్చు. ఇద్దరూ రెండు ఊళ్లలో ఉన్నా ఫోన్లలో ఆడుకోవచ్చు, మాట ఆటలోనే వినిపిస్తుంది. నోరు మూసుకునే నియమం మాత్రం పోలేదు. కాకపోతే ఇప్పుడు ఆడేవాళ్లు చేసే గోలలో మేం నోరు తెరిచినా ఎవరికీ వినపడేది కాదు.

లండనావిడ మళ్లీ వచ్చిన శుక్రవారం, బాగా దూరంగా ఉన్న ఇద్దరు ఆడితే చూడాలంది. నేను మేస్త్రి వంక చూశాను. "మీ ఇంటావిడ ఫోన్‌లో దొరుకుతుందా?"

మేస్త్రి సిగ్గుపడ్డాడు. "దానికేం తెల్సు మేడం..." అంటూనే కలిపాడు. ఊళ్లో కూతురు ఆమె ఫోన్‌లో ఆట ఎక్కించి, ఎక్కడ నొక్కాలో చూపించింది. మేస్త్రి మునిగాడు. తాడు ఆమె చేతిలో. గదంతా వినిపిస్తోంది ఆమె గొంతు. వాళ్ల ఊళ్లో గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే.

"దుబాయ్‌ల గిదేం పని నీకు? ఆఁ, కనవడ్తున్నవ్. ఎడమకు పో. ఎడమకు అంటున్న గద! అయ్యో, గీ ఊపిరి గీత తగ్గుతున్నదేంది?"

"గట్లనె తగ్గుతది. నువ్వు దారి జెప్పు."

"దారి తర్వాత. తగ్గుతున్నది అంటున్న గద." లాగేసింది. మేస్త్రి ఖాళీ బుట్టతో పైకి తేలాడు.

మళ్లీ మునిగాడు. ఈసారి లంగరు దాటాడు, చిప్పలు కనిపించాయి. ఏరడం మొదలుపెట్టాడో లేదో లాగేసింది. మూడోసారీ అంతే. మేస్త్రికి కోపం వచ్చింది. "ఏయ్, బుట్ట సగం గూడ నిండలె! గిట్ల గుంజితె గెలుసుడెట్ల? ఇంత మంది సూస్తున్నరు ఈడ!"

"సూడనియ్యి. నాకు భయమైతది."

పొడుగాయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, ఆట గెలవడమే కుదరడం లేదు, ఆవిడ చూస్తోంది. లండనావిడ నా వైపు వంగి, ఆమె ఏమంటోందని అడిగింది. బుట్ట నిండకముందే ఎందుకు లాగేస్తోందో చెప్పాలి నేను.  ఆటలోనైనా ఆయన ఊపిరి తగ్గుతుంటే ఈమెకి భయమట అని చెప్పాను.

ఆవిడ మేస్త్రి వీపు వంక చూసింది. "ముందే లాగడం మీరు సరిచేయాల్సిన తప్పా?" అని కోడాయన్ని అడిగింది. ఆయన ఎప్పటిలాగే మొహం ముడుచుకుని, "నేను ముట్టుకోను" అన్నాడు. ఆవిడ తలూపి, పొడుగాయనకి చేయి చాపింది. "మేం తీసుకుంటున్నాం" అంది. బొమ్మలమ్మాయి కెవ్వుమంది. పొడుగాయన ఆ చేయి పట్టుకుని వదలడం మర్చిపోయాడు. నేను మాత్రం స్తోత్రం చెప్పుకుంటూ ఏడ్చేశాను, దాచుకోవడం ఎందుకు.

ఈ గొడవేదీ మేస్త్రి చెవికి ఎక్కలేదు. ఫోన్ మీదికి వంగి బతిమాలుతున్నాడు.

"ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి నింపుకోనియ్యవే."

"బుట్ట సంగతి తర్వాత సూస్కుందాం" అంది ఆమె. "నువ్వు ముందుగాల పైకి రా."